ఒక్క దీర్ఘం

బంగళా వరండాలో బల్ల మీద పరిచిన కాగితం మీద జమేదారు వేలు ఆనించాడు. "ఇదిగో మాస్టారూ, ఈ మాటే. దీనికే అర్థం కావాల."

దైవాధీనం కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాడు. ఫిర్యాదు తెలుగులోనే ఉంది. పనసగుడ కాపురస్తురాలు సోములమ్మ అనే ఆడది, ఘాటు రోడ్డు పని జరుగుతుండగా, రెండు చేతులూ పైకెత్తి "ఉఠా, ఉఠా" అని కేకలు వేసి, ముప్పైమంది ఆడకూలీలను సర్కారు మీదికి పురిగొల్పినది. కింద ఓవర్సీరు వరహాలరావు సంతకం. పక్కన వేరే చేతిరాతతో, ఎర్ర సిరాతో ఒకే ఒక మాట: రాజద్రోహం.

"కొండల ఒడియాలో ఇది చాలా మామూలు మాటండి," అన్నాడు దైవాధీనం.

"మామూలు మాటయితే ముప్పైమంది గంపలు పడేసి పోతారేటి?"

మిషను బడిలో పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నవాణ్ణి మధ్యలో లేపి తీసుకొచ్చారు. కోర్టు వెంట తిరిగే దుబాసీకి చలిజ్వరం. లోయలో తెలుగూ, కొండల ఒడియా రెండూ బాగా తెలిసిన చదువుకున్నవాడు ఎవడంటే అందరూ దైవాధీనం పేరే చెప్పారు. తొమ్మిదేళ్ళుగా ఇక్కడే ఉన్నాడు. కలలు కూడా ఇప్పుడు సగం ఆ భాషలోనే వస్తున్నాయని ఒకసారి పాదిరిగారితో అని నవ్వించాడు.

దక్షిణాన గూడెం అడవుల్లో ఫితూరి మొదలై ఏడాది దాటింది. అక్కడి తుపాకుల చప్పుడు అరకులోయదాకా రాలేదు గాని భయం వచ్చింది. పటాలం బళ్ళు ఎక్కడానికి ఘాటు రోడ్డు వెడల్పు చేస్తున్నారు. ఊరికి ఇంతమంది అని ఆడవాళ్ళను రప్పించి కంకర మోయిస్తున్నారు. చోళ్ళు కోతకొచ్చి, వలిసె చేలు కొండ అంచుదాకా పచ్చగా పూసిన రోజులు. రోజూ పొద్దున్నే బడి కిటికీ ముందు నుంచి ఆ ఆడవాళ్ళు వరసగా నడిచి పోతుంటే, పాఠం ఆపి చూడడం, మళ్ళీ పాఠం చెప్పడం దైవాధీనానికి అలవాటైపోయింది.

"రేపు విచారణ. ఈలోగా ముద్దాయితో మాటాడుకోండి," అని జమేదారు బళ్ళ పాక వైపు చెయ్యి చూపించాడు.

సోములమ్మ పాకలో స్తంభానికి ఆనుకుని కూర్చుని విస్తళ్ళు కుడుతోంది. ఒక కాలికి గొలుసు. ఎదురుగా అడ్డాకుల మోపు. ఊరికే కూర్చోవడం ఎందుకని కానిస్టేబుళ్ళు తమ భోజనాలకు ఆకులు కుట్టమన్నారట. ఆమె చేతులు ఆగలేదు. ఆకు మీద ఆకు వేసి, వెదురు పుల్ల గుచ్చి, తుంచి, మళ్ళీ గుచ్చుతోంది. యాభై ఏళ్ళుంటాయి. చెవుల నిండా ఉండవలసిన ఇత్తడి రింగులు లేవు. స్టేషను వాళ్ళు తీసేసుకుని ఉంటారు.

"నన్ను ఎందుకు కట్టేసారు మేస్టరూ?" అంది తన భాషలోనే.

దైవాధీనం నేల మీద కూర్చున్నాడు. "ముందు నువ్వు చెప్పు. ఆ రోజు ఏం జరిగింది?"

ఆమె పుల్లను పళ్ళతో కొరికి తుంచింది. "నా కొడుకు గాసి పెళ్ళాం సుక్రి లేదా? దానికి ఏడో నెల. రానని ఏడిసింది. లెక్క తక్కువైతే గాసిని కొడతామని, పనికి పిలిసే బారిక సెప్పాడు. అందుకని నాతోపాటు వొచ్చింది. ఓవర్సీరు బాబు దాని గంప నింపించాడు. అది మోయలేక కూకుండిపోయింది. 'ఉఠా' అన్నాడు. మా మాటల్లో ఆయనకొచ్చింది అదొక్కటే. మూడుపాల్లు అన్నాడు. మూడోపాలి ఎత్తుకుంది."

మరో ఆకు తీసుకుంది. దాని మీద చీమ ఉంటే ఊదేసింది.

"పదడుగులేసింది. పడిపోయింది. కంకరంతా మీద పడింది. తీసేతలికి కింద రగతం. దాని తల నా ఒళ్ళో ఎట్టుకున్నాను. నీళ్ళు తెండన్నాను. ఆయన వొద్దన్నాడు, పని ఆగిపోద్దని. నీళ్ళు రాకముందే అయిపోయింది. అప్పుడు తలెత్తి సూసాను. అందరూ ఎవరి గంపకాడ ఆళ్ళు కూకుని ఉన్నారు, బయానికి. 'ఉఠ' అన్నాను. అంతే."

ఆ రెండు మాటలకూ తేడా దైవాధీనానికి తెలుసు. ఉఠ అంటే లేవండి అని. ఉఠా అంటే ఎత్తండి అని. చివర ఒక్క దీర్ఘం. తెలుగువాళ్ళ చెవికి రెండూ ఒకటే. అతనికే ఆ తేడా పట్టుబడడానికి రెండేళ్ళు పట్టింది.

"నా మీద ఎట్టింది ఏ తప్పు?" అని అడిగింది సోములమ్మ.

"రాజద్రోహం అంటారు."

"అంటే ఏటి?"

ఆ భాషలో దానికి మాట లేదు. దైవాధీనం కొంచెం వెతుక్కుని, "రాజుకి చెడు చెయ్యడం," అన్నాడు.

"ఏ రాజుకి?"

"సముద్రం అవతల ఉంటాడు."

సోములమ్మ చేతులు మొదటిసారి ఆగాయి. అతను వేళాకోళం ఆడుతున్నాడేమోనని ముఖంలోకి చూసింది. "ఆయన్ని నాను సూడనేదు. సుక్రి సచ్చిపోయినట్టు ఆయనకి తెలుసా?"

"తెలీదు."

"మరి నాను లెగమన్నట్టు ఎవులు సెప్పారు?" అని, జవాబు కోసం చూడకుండా మళ్ళీ ఆకు అందుకుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మేజిస్ట్రేటు సర్వేశ్వరరావు దైవాధీనాన్ని పిలిపించి, బంగళా తోటలో తనతోపాటు నడవమన్నాడు. బొద్దుగా, మర్యాదగా ఉండే మనిషి. క్వినైను మింగి మింగి చెవుల్లో హోరుగా ఉందని చెప్పి, కాస్త గట్టిగా మాట్లాడమన్నాడు.

"మాస్టారూ, ఈ ముసలిదాన్ని జైలుకి పంపడం నాకేమన్నా సరదానా? ఫితూరి రోజులు. ఓవర్సీరు ఆ మాట రాసేశాడు. కాగితం పైకి పోయింది, అనుమతి కూడా వచ్చేసింది. రుజువైతే రెండేళ్ళకు తక్కువ వెయ్యలేను. ఆ మాటకి ఇంకో అర్థం ఏదైనా ఉంటే చెప్పండి. కొట్టేసి పంపించేస్తాను."

దైవాధీనం గుండె ఒక్కసారి తేలికైంది. "ఉందండి. కాగితంలో రాసింది 'ఉఠా' అని. అది ఎత్తండి అనే మాట. బరువులెత్తేటప్పుడు అనేది."

"చూశారా!" సర్వేశ్వరరావు ఆగి, చేతికర్ర నేలకు ఆనించాడు. "రేపు అంతే చెప్పండి. ఇంకేం అక్కర్లేదు." రెండడుగులు వేసి, వలిసె చేల వైపు చూస్తూ అన్నాడు. "ఆ చచ్చిపోయిన పిల్ల సంగతి మాత్రం ఎత్తకండి. అది జ్వరం కింద రాసేశారు. దాన్ని కదిపితే ఓవర్సీరు మీద విచారణ, రోడ్డు ఆగడం, పైవాళ్ళకు సంజాయిషీ. పోయిన మనిషి ఎలాగూ తిరిగి రాదు కదా."

దైవాధీనం చిత్తం అన్నాడు. బడికి తిరిగి నడుస్తూ ఆ మాటే మళ్ళీ మళ్ళీ అనుకున్నాడు, పోయిన మనిషి తిరిగి రాదు కదా అని. ఉన్న మనిషయినా ఇల్లు చేరుతుంది. తాను అబద్ధం కూడా ఆడడం లేదు. రాసి ఉన్న మాటకు అర్థం చెబుతున్నాడు, అంతే. సోములమ్మకు ముందుగా చెప్పాలని అతనికి తోచలేదు.

మర్నాడు వరండా నిండా జనం. బళ్ళవాళ్ళు, కానిస్టేబుళ్ళు, సంతకు పోతూ ఆగినవాళ్ళు. మేజిస్ట్రేటు లోపలి నుంచి రాగానే జమేదారు సోములమ్మ భుజం తట్టి, "ఉఠ్, ఉఠ్, బేగి," అన్నాడు. ఆమెకు కాపలా ఉన్న కొద్ది రోజుల్లోనే అతనికీ ఆ మాట వచ్చేసింది. ఆమె లేచింది. ఆ మాట అన్నందుకు ఎవరూ అతని వైపు చూడలేదు.

వరహాలరావు సాక్ష్యం ఇచ్చాడు. సన్నగా, గట్టి గొంతుతో మాట్లాడే మనిషి. రెండు చేతులూ పైకెత్తి చూపించి, ఇలా అరిచిందన్నాడు. గూడెం వైపు నుంచి ఎవడో వచ్చి వీళ్ళకు నూరిపోసి ఉంటాడన్నాడు. ఆ రోజు ఎవరైనా జబ్బు పడ్డారా అని మేజిస్ట్రేటు అడగలేదు. అతను చెప్పలేదు.

తర్వాత దైవాధీనం లేచాడు. కాగితం చేతిలోకి తీసుకుని ఆ మాట చదివాడు. బడిలో చెప్పినట్టు, రెండు అరచేతులూ కింద పెట్టి పైకి లేపి చూపించాడు. "ఉఠా అంటే బరువు ఎత్తమని. కావిడి ఎత్తేటప్పుడు, ధాన్యం బుట్ట ఎత్తేటప్పుడు, గంప తల మీదికి ఎత్తేటప్పుడు ఈ కొండల్లో అందరూ అనే మాట ఇది. ఇందులో తిరుగుబాటు లేదండి."

సర్వేశ్వరరావు ముఖం విప్పారింది. "అంటే ఓవర్సీరు గారూ, ఈవిడ మీ పనికి సాయం చేసిందన్నమాట. గంపలు ఎత్తండర్రా అని తొందర పెడుతోంది!"

వరండా అంతా నవ్వింది. వరహాలరావు కూడా, తప్పక, పెదవి కదిపాడు. ఇక తనకేమీ కాదని అతనికి అర్థమైంది.

"లాంఛనం కోసం ముద్దాయిని కూడా అడగండి మాస్టారూ. ఆడవాళ్ళందరినీ గంపలు ఎత్తమన్నావు, అంతేనా అని."

దైవాధీనం ఆమె వైపు తిరిగి ఇంకా నోరు తెరవలేదు.

"నేదు బాబూ," అంది సోములమ్మ తెలుగులో.

ఇరవై ఏళ్ళు సంతలో చింతపండూ, కరక్కాయలూ అమ్మిన మనిషి. తెలుగు ఆమెకు వస్తుందా అని అడగాలని ఎవరికీ తోచలేదు.

"ఎత్తమన్నది ఆ బాబు. నాను కాదు. ఆ మాట నాను అనుంటే, కడుపుతో ఉన్న నా కోడల్ని నానే సంపుకున్నట్టు కాదా? ఎత్తీసే గదా అది సచ్చిపోయింది."

నవ్వు ఒక్కసారిగా అణిగిపోయింది. దైవాధీనం చేతులు ఇంకా గాలిలో, గంప ఎత్తుతున్నట్టే ఉన్నాయి. దించుకున్నాడు. నిన్నంతా ఆమెను ఎలా తప్పించాలా అని ఆలోచించాడు. తప్పించడం కోసం ఎవరి మాట తెచ్చి ఆమె నోట్లో పెడుతున్నాడో ఒక్క క్షణమైనా ఆలోచించలేదు.

సర్వేశ్వరరావు గొంతు తగ్గించాడు. "చూడమ్మా, బాగా ఆలోచించుకో. మాస్టారు చెప్పిందే నిజమంటే ఇప్పుడే ఇంటికి పోతావు. కాదంటే జైలుకి పోతావు."

"గాసి ముందుకి ఏ మొగం ఎట్టుకుని పోతాను బాబూ?"

"అయితే నువ్వన్నదేమిటి?"

"ఉఠ అన్నాను. లెగండని. కూకోకండి, ఇంటికి పోదారని. ఇలగ మోత్తే మీరూ ఇలగే సత్తారని."

"సర్కారు పని వదిలెయ్యమన్నావు?"

"వొదిలీమన్నాను. సేతులెత్తి మాత్రం అననేదు." ఆమె వరహాలరావు వైపు చూసింది. కోపంగా కాదు, దిద్దుతున్నట్టు. "నా సేతుల్లో దాని తల ఉంది. సేతులెలగ ఎత్తుతాను?"

మేజిస్ట్రేటు కలం కింద పెట్టాడు. "మాస్టారూ, రెండు మాటలూ వేరా?"

"వేరేనండి. చివర ఒక్క దీర్ఘం తేడా."

"ఈ తేడా మీకు నిన్న తెలియదా?"

"తెలుసండి."

సర్వేశ్వరరావు అతని వంక చూడడం మానేసి గుమాస్తా వైపు తిరిగాడు. "రాసుకో. ముద్దాయి నేరం ఒప్పుకున్నది. లేవండి, పని వదలండి అని కూలీలను పురిగొల్పినట్టు స్వయంగా..."

"ఏడో నెల గర్భిణి, పేరు సుక్రి, గంప కింద పడి చనిపోయిన తర్వాత," అన్నాడు దైవాధీనం.

గుమాస్తా కలం ఆగింది.

"ఆ ముక్క ఈ కేసుకి సంబంధం లేదు," అన్నాడు మేజిస్ట్రేటు.

"ఆమె చెప్పిందండి. దుబాసీని కనక నేను చెప్పాలి." తన గొంతు ఇంత గట్టిగా వస్తుందని దైవాధీనానికి తెలియదు. "ఎత్తమని మూడుసార్లు అన్నది ఓవర్సీరు గారు. నీళ్ళు అడిగితే ఇవ్వనివ్వలేదు. ఆ పిల్ల ప్రాణం పోయాకనే ఈవిడ లేవమంది."

"ఆవిడ తెలుగులోనే చెప్పింది. మీరు అనువదించడానికి ఇక ఏమీ లేదు. కూర్చోండి."

కూర్చోలేదు. కోర్టు లేచేదాకా అలా నిలబడే ఉన్నాడు.

మూడో రోజు పొద్దున్న తీర్పు. రెండేళ్ళు, కఠిన శిక్ష. అది చదవడానికి పట్టినంత సేపు కూడా జనం నిలబడలేదు. తర్వాత గుమాస్తా కాగితాలు తెచ్చి, కలం ముంచి, దైవాధీనం చేతికిచ్చాడు. "ఇక్కడ సంతకం. ముద్దాయి మాటలను సరిగా అనువదించితిని అని."

దైవాధీనం ఆసాంతం చదివాడు. ముద్దాయి "ఉఠా" అన్నదనీ, ఆ మాటకు తిరగబడండి అని అర్థమనీ, అది ముద్దాయే ఒప్పుకున్నదనీ ఉంది. సుక్రి పేరు ఎక్కడా లేదు. గంప లేదు. నీళ్ళు లేవు. అతను మళ్ళీ మొదటి నుంచీ చదివాడు, ఎక్కడైనా దాటేశానేమోనని.

"ఇది ఆమె చెప్పింది కాదు. నేను సంతకం పెట్టను," అన్నాడు.

లోపలి గదిలో మేజిస్ట్రేటు గడ్డం గీయించుకుంటున్నాడు. విషయం విని, కోప్పడలేదు. "జమేదారు చేత పెట్టించు," అన్నాడు అద్దంలోకి చూస్తూనే. "ఈ మాస్టారి సంగతి మిషను పాదిరిగారికి ఉత్తరం రాయాలి, తర్వాత గుర్తు చెయ్యి."

జమేదారు చెయ్యి పంచెకు తుడుచుకుని, దుబాసీ అని అచ్చువేసి ఉన్న చోట, నాలుక కొరుక్కుంటూ తన పేరు రాశాడు.

సోములమ్మను కిందికి తీసుకుపోవడానికి బండి సిద్ధం చేస్తున్నారు. పాకలో ఆమె కుట్టిన విస్తళ్ళను ఒక కానిస్టేబులు దొంతి పెట్టి తాడుతో కడుతున్నాడు. దైవాధీనం దగ్గరికి వెళ్ళాడు.

"రాసారా?" అంది. దేని గురించో అతను అడగనవసరం లేదు.

రాశారని చెబితే బాగుండును. రెండేళ్ళు దాంతో గడుపుతుంది. కాని ఆమె మేలు కోరి తాను నిన్న చెప్పిన మాట ఇంకా నోట్లో చేదుగా ఉంది.

"రాయలేదు."

"నా నోటితో నానే సెప్పాను గదా?"

"నువ్వు తిరగబడమన్నావని మాత్రమే రాసుకున్నారు."

సోములమ్మ తల వంచుకుని, గొలుసు ఒరుసుకున్న చోట చీలమండను రాసుకుంది. కళ్ళలో నీళ్ళు లేవు. "అయితే ఊర్లో సెప్పు," అంది. "ఊరంతటికీ సెప్పు. గాసికి ముందు సెప్పు. ఎత్తమన్నది మీ యమ్మ కాదని సెప్పు."

బండి ఘాటు మలుపు దిగేదాకా నిలబడి, దైవాధీనం బడి వైపు పోకుండా పనసగుడ దారి పట్టాడు. రెండు కొండలు ఎక్కి దిగాలి. చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఊరి వెనక కళ్ళంలో చోళ్ళు నూరుస్తున్నారు. పదిమంది ఆడవాళ్ళు వెన్నులు పరుస్తుంటే, గాసీ మరో ఇద్దరూ కర్రలతో కొడుతున్నారు. ఊరిపెద్ద సోంబరు గట్టు మీద ఉన్నాడు. అతని పక్కన బారిక, రోడ్డు పనికి మనుషుల్ని పిలిచే సర్కారు మనిషి, రేపటికి ఎవరెవరు రావాలో చెప్పడానికి వచ్చి కూర్చుని ఉన్నాడు.

గాసి అతన్ని చూసి కూడా కర్ర ఆపలేదు. సోంబరు కూర్చోమనలేదు.

"ఏమైంది?" అన్నాడు దైవాధీనం.

సోంబరు చుట్ట పక్కన పెట్టాడు. "నిన్న సంత నుంచి వొచ్చినోళ్ళు సెప్పారు మేస్టరూ. సుక్రిని గంప ఎత్తమన్నది సోములమ్మేనని కచేరీలో నువ్వు సెప్పావంట. సేతులతో సూపించావంట."

మిగతాది సంత జనం ఆగి వినలేదన్నమాట. లేకపోతే విన్నా, ఇంతవరకు మోసుకురాలేదు. గాసి కర్ర ఎత్తి దించుతూనే ఉన్నాడు. దెబ్బ పడ్డ చోట గింజలు ఎప్పుడో రాలిపోయి ఉత్త నేల కనిపిస్తోంది.

దైవాధీనం చెప్పులు విడిచి కళ్ళంలోకి దిగాడు. "చెప్పాను. అది తప్పు. మీ అమ్మని విడిపించాలని చెప్పాను. మీ అమ్మ ఒప్పుకోలేదు గాసీ. ఆ మాట తనది కాదంది. తనది కాదన్నందుకే రెండేళ్ళు జైలుకి పోయింది."

కర్ర ఆగింది.

అతను కొండల ఒడియాలో, మొదటి నుంచీ చెప్పాడు. ఎవరు ఏ మాట ఎన్నిసార్లు అన్నారో, ఎవరి చేతుల్లో ఏముందో, కాగితంలో ఏం రాశారో, ఏం రాయలేదో. చెబుతున్నంతసేపూ ఆడవాళ్ళు వెన్నులు పరచడం ఆపి, వంగినవాళ్ళు వంగినట్టే ఉండిపోయారు. ఆ రోజు రోడ్డు మీద ఉన్నవాళ్ళు కొందరు తలలూపారు.

"ఆ నేరానికి ఏదో పేరుంది గదా. ఏటది?" అని అడిగాడు సోంబరు.

"రాజద్రోహం."

"అంటే?"

మొన్న సోములమ్మకు చెప్పిన అర్థం నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేశాడు. "సుక్రి గంప కింద చచ్చిపోయిందని చెప్పడం. చెప్పి, ఇంకెవరూ మొయ్యకండి అనడం."

సోంబరు ఆ మాటను నోట్లో తిప్పుకున్నాడు. వెనక ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కూడా మెల్లగా పలికి చూశారు. ద్రో అన్న చోట నాలుక తిరగక మళ్ళీ అన్నారు.

"అంతేనా?" అన్నాడు గాసి. "అది మా ఊర్లో అందరం సెప్పుకుంటన్నదే గదా."

బారిక మెల్లగా లేచి, తలపాగా సర్దుకున్నాడు. రేపటి పేర్లు చదవకుండానే గట్టు దిగి బంగళా వైపు దారి పట్టాడు. అతనికి రెండు భాషలూ వచ్చు. సాయంత్రానికి ఈ మాటలన్నీ బల్ల మీద కాగితం అవుతాయి. దైవాధీనం అతన్ని చూస్తూనే ఉన్నాడు. వెనక్కి పిలిచి ఏదైనా సర్దిచెప్పడానికి ఇంకా వ్యవధి ఉంది. నలభై అడుగులు, యాభై అడుగులు. బారిక వలిసె చేను మలుపు తిరిగిపోయాడు.

గాసి కర్రను పక్కన పడేసి, చోళ్ళ ధూళి అంటిన చేతులతోనే ముఖం తుడుచుకున్నాడు.

"ఇంకోపాలి సెప్పు మేస్టరూ," అన్నాడు. "పొలంకాడున్నోళ్ళు ఇననేదు. పిలుత్తాను."

వాళ్ళంతా వచ్చి కూర్చునేదాకా ఆగి, దైవాధీనం మళ్ళీ మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.